అద్దాల పెట్టెలో గన్ను

ఈ ఏడు ఆయుధ పూజ రోజున, హైటెక్ సిటీలోని ఒక పదిహేనంతస్తుల సాఫ్ట్‌వేర్ కంపెనీలో మూరెడు పొడవున్న ఒక చేతి పనిముట్టును ఘనంగా ఆవిష్కరించారు. ఉపాధ్యక్షులు మధుసూదన్ గారు రిబ్బన్ కత్తిరించి, స్వహస్తాలతో కుంకుమబొట్టు పెట్టి, దాన్ని లాబీలోని అద్దాల పెట్టెలో ప్రతిష్ఠించారు. అది కావాలని అడిగిన మొగిలిని మాత్రం ఎవరూ పిలవలేదు. అతని చేతులకు ఎప్పుడూ గ్రీజు ఉంటుంది కాబట్టి పిలవకపోవడమే సబబు.

మొగిలి అక్కడ మెయింటెనెన్సు మనిషి. ఊరు పరకాల పక్కన, ఉండేది నిజాంపేటలో కిరాయికి. ఆషాఢం గాలులకు క్యాబ్ షెడ్డు పైనున్న పెద్ద రేకు ప్యానెల్ కదలడం మొదట కనిపెట్టింది అతనే. ఎనిమిది బోల్టుల్లో మూడు వట్టిగా తిరుగుతున్నాయి. పల్చటి రేకుకు మామూలు నట్టు పట్టదు. రంధ్రం చేసి, లోపల మర ఉన్న చిన్న గొట్టం దూర్చి, పనిముట్టుతో లాగి నొక్కితే అది రేకును కరుచుకుంటుంది. బోల్టు ఆ తర్వాతే. ఆ పనిముట్టును పనివాళ్లు గన్ను అంటారు. మొగిలి దగ్గరున్న పాత గన్నుకు గొట్టాన్ని పట్టి లాగే పిన్ను మర అరిగిపోయింది.

ఆ షెడ్డు కింద రోజుకు మూడుసార్లు ఊడ్చేది ఈరమ్మ.

"మొగిలీ, పైన కిర్రుకిర్రుమంటున్నదిరా. ఊడుస్తుంటే పానం గుబులైతున్నది," అంది.

"ఫికర్ జేయకక్కా. వారం దినాల్ల బిగిస్త," అన్నాడు మొగిలి. ఆ మాట అనడమే అతను చేసిన మొదటి తప్పు.

రాణీగంజ్‌లో ఒక దుకాణంలో నాలుగు గన్నులు చూశాడు. ఒక్కోదానితో పదిహేను ఉక్కు గొట్టాలు బిగించి, పిన్ను మరను గోటితో తడిమి చూశాడు. మూడింటికి మర నలిగింది. నాలుగోది చెక్కుచెదరలేదు, పిడులు పొడుగు, పిన్ను అరిగితే మరొకటి దొరుకుతుంది. గంటలో తేలిపోయింది. ఇంత తొందరగా తేలిన విషయాన్ని కార్పొరేట్ సంస్థలు నమ్మవని పాపం అతనికి తెలియదు.

కంపెనీ యాప్‌లో ఇలా రాశాడు: "ప్యానెల్ పని పట్టాలె. గట్టి గన్ను ఒకటి కావాలె. ఆలస్యమైతే ప్రాణాలు పోతయి."

కంపెనీలో ప్యానెల్ అంటే ఉద్యోగాలకు వచ్చినవాళ్లను ప్రశ్నలడిగే నలుగురు పెద్దలు. పది నిమిషాల్లో ఆ నలుగురినీ వెనక గేటు నుంచి ఇళ్లకు పంపేశారు. భద్రతాధికారి రవికిరణ్ ఆరుగురు గార్డులతో దిగాడు.

"ఎవరి మీద నీ కోపం?"

"కోపమేంది సార్? రేకు పని."

రేఖ అనే ఉద్యోగినికి వెంటనే రెండు రోజులు సెలవిచ్చారు. మొగిలికి హెచ్‌ఆర్ హరిత మేడమ్ కోపాన్ని జయించడంపై మూడు రోజుల శిక్షణ ఇప్పించి, సర్టిఫికెట్ కూడా అందజేసింది. ఇక మీదట ఏ పనివాడూ సొంత పనిముట్లు గేటు దాటి తేరాదని ఉత్తర్వు వెలువడింది. కంపెనీ ఇచ్చేలా లేదని మొగిలి తన సొమ్ముతో కొని సంచిలో తెచ్చిన నాలుగో గన్ను ఆ విధంగా గార్డు గదిలో నిర్బంధంలో ఉంది.

చివరికి గన్ను అంటే ఏమిటో అందరికీ అర్థమయ్యాక, మన్నిక గల గన్నును ఎంపిక చేయడానికి మధుసూదన్ గారి అధ్యక్షతన ఒక సంఘం ఏర్పడింది. అది పదకొండుసార్లు సమావేశమైంది. మొగిలిని ఒక్కసారి పిలిచారు.

"వాడి సూస్తెనే తెలుస్తది సార్," అన్నాడు మొగిలి.

మధుసూదన్ గారు జాలిగా నవ్వారు. "మిత్రులారా, వాడితే వస్తువు అరుగుతుంది. అరిగితే మన్నిక తగ్గుతుంది. మన్నికను కాపాడటమే మన లక్ష్యమైతే, వాడకం మన ప్రథమ శత్రువు!" చప్పట్లు మోగాయి. పెట్టె నాణ్యత, రంగు, బరువులను బట్టి మార్కులు వేసి, బంగారు పూత ఉన్నదాన్ని ఎంపిక చేశారు. దానికి జీవితకాలపు హామీ ఉంది. ఎవరి జీవితకాలమో రాయలేదు.

ఈలోగా నాలుగో బోల్టూ, ఐదో బోల్టూ వదులయ్యాయి. మొగిలి ప్యానెల్‌ను బైండింగ్ వైరుతో కట్టాడు. షెడ్డు కింద ఊడ్వొద్దని ఈరమ్మతో చెప్పాడు. ఊడ్వకపోతే ఆబ్సెంటు వేస్తానన్నాడు సూపర్‌వైజరు. మొగిలికి భయం పట్టుకుంది. పొద్దున రాగానే ముందు ఈరమ్మను, తర్వాత రేకును చూసేవాడు. పూజ అయిన మర్నాడు లాబీకి వెళ్లి, గన్ను ఒక్క గంట ఇప్పించమని చేతులు జోడించాడు. మన్నిక పరిశీలన కాలం ఏడాది అనీ, పైగా పూజలో పెట్టినదాన్ని అప్పుడే కదపరాదనీ మర్యాదగానే చెప్పి పంపారు.

మూడో రోజు పొద్దున వైరు తెగింది.

ఈరమ్మ భుజం ఎముక విరిగింది. ఆటోలో దవాఖానకు తీసుకుపోతుంటే మొగిలికి ఏడుపూ కోపమూ కలిసి ముంచుకొచ్చాయి. కోపాన్ని జయించే శిక్షణ ఎందుకూ పనికిరాలేదు.

"నువ్వు జెప్పినవు గదరా, నువ్వేం జేస్తవు," అంది ఈరమ్మ. ఆ మాటకు అతను ఇంకా సిగ్గుపడ్డాడు.

సాయంత్రానికల్లా నివేదిక వచ్చింది. ప్రమాదానికి కారణం అనుమతి లేని బైండింగ్ వైరు. బాధ్యుడు మొగిలికి మెమో. చివరి వాక్యం లావు అక్షరాల్లో ఉంది: "ఈ ఘటనలో పనిముట్టుకు ఎలాంటి హానీ జరగలేదు. మా ఎంపిక సరైనదని రుజువైంది."

గన్ను మన్నికకు నక్షత్రాలివ్వమంటూ నివేదికతో పాటు ఉద్యోగులందరికీ ఒక సందేశం వెళ్లింది. మీకూ వచ్చింది. షెడ్డు మూసేసినందుకు విసుక్కుంటూ, రోడ్డు మీద నిలబడి, క్యాబ్ వచ్చేలోపు అయిదు నక్షత్రాలూ నొక్కారు.