సిద్దక్క పంటి కింద తేమ

మిల్లుకు నాణ్యత సర్టిఫికేటు వస్తే ఉద్యోగం ఖాయం, రాకపోతే సోమవారం నుంచి రానక్కర్లేదు. కంప్లి రైస్‌మిల్లు యజమాని శివరామకృష్ణయ్య మాట అది. అందుకే ఆడిటరు వచ్చే రోజు పొద్దున్నే క్వాలిటీ ఇన్‌చార్జి హన్నా పెట్టుకున్న మొదటి పని, సిద్దక్కను దాచడం.

రైతుల వడ్లు గోదాములో వేసేముందు గింజ కొరికి తేమ చెప్పేది ముప్పై ఏళ్లుగా సిద్దక్కే. తిండిగింజను నోట్లో పెట్టుకునే మనిషి ఆడిటరు కంట పడితే ఇంకేముంది!

"అక్కా, ఈ పొద్దు నువ్వు గోనెసంచుల గదిలోనే ఉండల్ల."

"ఏంది పాపా, నన్నేమన్నా పోలీసోళ్లు ఎతుకుతాండారా?"

"కాదక్కా, నా ఉద్యోగం పోతాది."

"అట్లయితే బయట గొళ్లెం కూడా పెట్టుకో" అంటూ వక్కాకు సంచీతో లోపలికి పోయింది. హన్నా నిజంగానే గొళ్లెం పెట్టింది.

ఆడిటరు మోహన్‌కృష్ణ నేరుగా తేమ రిజిస్టరు తెరిచాడు. రోజూ పద్నాలుగు శాతం. నెలంతా పద్నాలుగు.

"ఆదివారం మిల్లు మూసుంటుంది కదా?"

రిజిస్టరు రాసే పక్కీరప్ప ధైర్యంగా ముందుకొచ్చాడు. "రాయని పని చేయనట్టేనని మేడమే నేర్పించింది సార్. అందుకే సెలవు దినం కూడా ఇడిసిపెట్టలేదు."

"మరి కొలిచిందెప్పుడు?"

"తేమ మీటరు బ్యాటరీ పోయి రెండు నెల్లాయ సార్. రాసేది మాత్రం నిలపలేదు."

శివరామకృష్ణయ్య హన్నా వైపు చూసిన చూపులో సోమవారం స్పష్టంగా కనిపించింది.

"అయితే తేమ ఎవరు చెబుతున్నారు?" ఆడిటరు అడిగాడు.

"సిద్దక్క సార్. గొళ్లెం తీస్తే పిల్చుకొస్తా."

ఆడిటరు కుర్చీలోంచి లేచాడు. "మనిషిని బంధించారా?"

హన్నా తలుపు తీసింది. సిద్దక్క బయటికొచ్చి అందరి మొహాలూ చూసింది. "ఏం పాపా, ఉద్యోగం పాయనా?" అని, జవాబు కోసం ఆగకుండా పద్నాలుగని చీటీ కట్టున్న పక్క వడ్లమూటలోంచి గింజ తీసి కొరికింది. "దీనికి పద్నాలుగని రాసినోడెవడప్పా? పదహారుండాది. ఇట్లే గోదాములో ఏస్తే బూజు పడతాది."

ఆడిటరు తన మీటరు తీసి చూశాడు. పదహారు పాయింటు ఒకటి.

ఆయన చాలాసేపు రాసి పైకి చదివాడు. "లోపం ఒకటి: కొలవకుండా రాశారు. లోపం రెండు: మిల్లులో పనిచేస్తున్న ఒకే ఒక్క కొలత సాధనాన్ని గొళ్లెం పెట్టి దాచారు." సర్టిఫికేటు రాలేదు. సరిదిద్దుకోవడానికి మూడు నెలల గడువు వచ్చింది.

హన్నా బ్యాగు సర్దుకోబోయింది.

"ఎక్కడికమ్మాయ్?" శివరామకృష్ణయ్య గర్జించాడు. "ఇంత కంగాళీ చేసి వెళ్లిపోతే బాగుచేసేదెవరు? కూర్చో!"

ఆ సాయంత్రమే కొలత సాధనాల జాబితాలో మీటరు కింద హన్నా సిద్దక్క పేరు రాసింది. తయారైన సంవత్సరం గడి మాత్రం, ఎంత బతిమాలినా, సిద్దక్క నింపనివ్వలేదు.