టోపీ లేని ఫోటో

ఆ మంగళవారానికి డెల్బర్ట్ హాస్క్యూ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి ఒక ఫోటో దిగాలి. తొమ్మిదిన్నరకి టౌన్లో లైబ్రరీకి వెళ్ళి దాన్ని కంప్యూటర్లో పంపించాలి. పన్నెండు కాకముందే ఇంటికొచ్చి ఉడికించిన బీన్సు, మొక్కజొన్న రొట్టె తినాలి. ఇందులో పొరపాటు జరగడానికి చోటెక్కడుందో ఎవరికైనా తోచదు.

డెల్బర్ట్‌కి డెబ్బై మూడేళ్ళు. కాటన్ ఫోర్క్ పక్కన నలభై ఏళ్ళు గోధుమ పండించాడు. రెండేళ్ళ కిందట ఎడమ పక్కటెముకల మీద సర్పి లేచింది. పొక్కులు మానాయి గాని మంట మానలేదు. చొక్కా తగిలితే మంట, సీటుబెల్టు తగిలితే మంట, ఇక పక్క మీద ఒరిగితే చెప్పనక్కర్లేదు. వరసగా రెండు గంటలు నిద్రపోయి ఎన్నాళ్ళయిందో ఆయన లెక్కపెట్టడం మానేశాడు. భార్య ఒలీటా మాత్రం ఆయన వరండాలో నడిచే చప్పుడు వింటూ తనూ మేలుకునే ఉండేది. ఇచ్చిన మాత్రలన్నీ మింగడం అయ్యాక, తొంభై మైళ్ళ అవతల ఒక డాక్టరమ్మ "సర్కారు ఇచ్చే గంజాయి కార్డుకి పెట్టుకోండి, అది ఉంటే మందుగా కొనుక్కోవచ్చు, నిద్రయినా పడుతుంది" అని రెండు పేజీల కాగితం మీద సంతకం చేసి ఇచ్చింది. ఆ సంతకం ముప్పై రోజులే చెల్లుతుంది. ఆమె దగ్గర మళ్ళీ వంతు దొరకాలంటే ఏడు వారాలు ఆగాలి.

ఆ మంగళవారమే ముప్పయ్యో రోజు. సాయంత్రం అయిదింటితో సరి.

అంతదాకా ఎందుకు తెచ్చుకున్నాడంటే, టోపీ వల్ల. మొదట పంపిన ఫోటోలో ఆయన టోపీ పెట్టుకున్నాడు. "తల మీద ఏమీ ఉండకూడదు" అని వారంలో తిరిగొచ్చింది. కాటన్ ఫోర్క్‌లో మగవాడు గడప దాటాక టోపీ తీస్తే అది జెండాకి తీసినట్టు, లేదా శవానికి తీసినట్టు. రాజధానిలో కూర్చున్న గుమాస్తాకి తీసిన మగవాడు ఇంతవరకూ లేడు. అందుకని డెల్బర్ట్ ఆ ఆఫీసు మీద అలిగి మూడు వారాలు మాట్లాడకుండా కూర్చున్నాడు. ఆఫీసువాళ్ళు వచ్చి బతిమాలలేదు.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. పోయినేడు హైవే పక్కన గంజాయి దుకాణం తెరిచినప్పుడు పాస్టరు వెండెల్ మూడు ఆదివారాలు వరసగా దాన్ని దులిపేశాడు. మూడు ఆదివారాలూ ముందు బెంచీలోంచి అందరికన్నా గట్టిగా "ఆమెన్" అన్నవాడు డెల్బర్టే. కాబట్టి ఈ కార్డు సంగతి ఒలీటాకీ, ఆమె తమ్ముడు గార్లండ్‌కీ తప్ప నాలుగో మనిషికి తెలియకూడదు.

ఎనిమిదింటికి గార్లండ్ ఫోను పట్టుకుని దిగాడు. ఒలీటా బట్టలతీగ మీద తెల్ల దుప్పటి ఆరేసింది. వెనక గోడ తెల్లగా ఉండాలని ఆఫీసువాళ్ళ రూలు.

"తియ్యి బావా టోపీ. నేనెవరికీ చెప్పన్లే," అన్నాడు గార్లండ్.

"ఊరికే నస పెట్టకుండా త్వరగా కానివ్వరా."

డెల్బర్ట్ టోపీ తీశాడు. కనుబొమల దాకా ఆయన ముఖం ఇటుక రంగు. అక్కణ్ణుంచి పైకి, నలభై ఏళ్ళు ఎండ సోకని చోటు, పాల మీగడ. గీత గీసి రంగు వేసినట్టు ఉంటుంది. ఆ చుట్టుపక్కల రైతులందరికీ అంతే. గార్లండ్ ఫోటో తీశాడు. డెల్బర్ట్ టోపీ పెట్టుకున్నాడు. ఇద్దరూ లైబ్రరీకి వెళ్ళి, మూల కంప్యూటరు ముందు కూర్చుని, ఒక్కో వేలితో అన్నీ నొక్కి పంపించారు. కంప్యూటరు అరనిమిషం ఆలోచించి, ఎర్ర అక్షరాలతో జవాబిచ్చింది. తల పూర్తిగా కనిపించాలట.

"పూర్తిగానే ఉంది కదరా తల!"

గార్లండ్ ఫోటోని దగ్గరగా చూశాడు. తెల్ల నుదురు, తెల్ల జుట్టు, తెల్ల దుప్పటి. "బావా, నీకు కనుబొమలతో తల అయిపోయిందయ్యా. పైదంతా దుప్పట్లో కలిసిపోయింది."

పదకొండు మైళ్ళు మళ్ళీ వెనక్కి. ఒలీటా ఆ ఫోటో చూసి ముందు పడీపడీ నవ్వింది. తర్వాత, ఆమె ఊరికే చేతులు కట్టుకుని ఉండే మనిషి కాదు కనుక, కూతురు పెళ్ళికి కొన్న గోధుమ రంగు క్రీము డబ్బా తీసి ఆయన నుదుటికి పట్టించింది. ఇప్పుడు ముఖం మొత్తం ఒకే ఇటుక రంగు.

"కదలకు. ముట్టుకోకు. టోపీ పెట్టావో మొత్తం ఊడుతుంది, పైగా ఆ టోపీ పాడవుతుంది," అంది.

"టోపీ లేకుండా టౌన్లోకి వెళ్ళమంటావా?"

"నిద్ర కావాలా, టోపీ కావాలా?"

డెల్బర్ట్ టోపీని వంకీకి తగిలించాడు. నిద్రే కావాలి. అయితే ట్రక్కు ఎక్కాక బామ్మర్ది వైపు తిరిగి, "నేనొక్కణ్ణే వట్టి తలతో పోతే ఏం బావుంటుంది? నువ్వూ తియ్యి," అన్నాడు. గార్లండ్ మంచివాడు. తీశాడు.

ఇక్కణ్ణుంచి జరిగినదానికి ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. గతుకులకి పక్కటెముకలు అదురుతాయని గార్లండ్ ట్రక్కుని నత్తనడకన నడిపాడు. అతని ట్రక్కుకి పగలైనా హెడ్‌లైట్లు వాటంతటవే వెలుగుతాయి. మంటని పళ్ళ బిగువున ఓర్చుకుంటూ డెల్బర్ట్ నిటారుగా, ఎటూ చూడకుండా కూర్చున్నాడు. మెయిన్ స్ట్రీట్ మీద మధ్యాహ్నం పన్నెండింటికి, లైట్లు వేసుకుని, నెమ్మదిగా, టోపీలు లేకుండా ఇద్దరు మగవాళ్ళు వస్తున్నారు; అక్కడ శవయాత్ర బండ్లు వెళ్ళేది అలాగే. ఒకడు ఒలీటా మొగుడు, రెండోవాడు ఒలీటా తమ్ముడు. కాఫీ హోటల్ కిటికీలోంచి చూస్తున్నవాళ్ళకి ఇంకేమీ చెప్పనక్కర్లేదు.

ఆరుగురు బయటికొచ్చి టోపీలు తీసి వరసగా నిలబడ్డారు.

"ఎవరో పోయినట్టున్నారురా," అన్నాడు డెల్బర్ట్ మెల్లిగా, ట్రక్కు దిగుతూ. వాళ్ళ దుఃఖానికి మర్యాదగా తలవంచాడు. అంతే, వాళ్ళకి ఉన్న అనుమానం కాస్తా తీరిపోయింది. దాణా కొట్టు ఓర్విల్ ముందుకొచ్చి ఆయన్ని గట్టిగా కౌగిలించుకున్నాడు. సరిగ్గా ఎడమ పక్కటెముకల మీద. డెల్బర్ట్ కళ్ళ నుంచి నీళ్ళు జలజలా కారాయి.

"ఏడువన్నా, ఏడువు. లోపల పెట్టుకోకు," అన్నాడు ఓర్విల్.

"పాపం, వీడికెవరో బాగా కావలసినవాళ్ళు పోయారు," అనుకుని డెల్బర్ట్ వాడి వీపు నిమిరి లైబ్రరీలోకి వెళ్ళాడు.

లోపల గోడ లేత పసుపు. గార్లండ్ ఫోటో తీశాడు, పంపారు. కంప్యూటరు ఈసారి ఇంకా తక్కువసేపు ఆలోచించింది. ఫోటోలో ముఖం డ్రైవింగ్ లైసెన్సులో ముఖంతో సరిపోలడం లేదట. లైసెన్సులో ఆయన నుదురు తెల్లగా ఉంది మరి. రెండోసారి పంపినా అదే మాట. మూడోసారి పంపితే, ఇక ఒక్కసారే అవకాశం ఉందని హెచ్చరించింది. డెల్బర్ట్ కుర్చీలో కూలబడి, "పోనీలేరా. నాకు రాసిపెట్టి లేదు," అన్నాడు. ఆ గొంతు విని గార్లండ్‌కి నిజంగా బాధేసింది.

"ఇంకా టైముంది బావా. ఇంటికెళ్ళి ఈ రంగు కడిగేసి, ఇంకోచోట తీద్దాం పద."

తిరిగి వస్తుంటే దారిలో ఎదురొచ్చిన ప్రతి బండీ పక్కకి ఆగింది. ప్రతి బండిలోనూ టోపీలు తీసిన తలలు.

"ఎవరురా పోయింది? ఈ ఊళ్ళో నాకు చెప్పకుండా ఎవరు పోతారు?"

"నాకూ తెలీదు బావా. పెద్ద మనిషే అయుంటారు."

తమ ఇంటి మలుపు తిరిగారు. వాకిట్లో పద్నాలుగు ట్రక్కులున్నాయి. గడ్డి మీద మగవాళ్ళు టోపీలు చేత్తో పట్టుకుని నిలబడ్డారు. మెట్ల దగ్గర పాస్టరు కారు. ఆడవాళ్ళు మూతపెట్టిన క్యాసరోల్ గిన్నెలు పట్టుకుని ఒకరి తర్వాత ఒకరు లోపలికి వెళ్తున్నారు. చావు జరిగిన ఇంటికి తప్ప అన్ని గిన్నెలు ఒకేసారి రావని డెల్బర్ట్‌కి బాగా తెలుసు.

ట్రక్కు ఆగకముందే దూకాడు. రెండేళ్ళుగా మెట్టు మెట్టుకీ ఆగి ఎక్కిన మనిషి నాలుగు మెట్లూ ఒక్క అంగలో ఎక్కాడు. "ఒలీటా!" అని అరిచిన అరుపుకి వాకిట్లో ఇద్దరు ఏడ్చేశారు.

ఒలీటా వంటగది మధ్యలో నిలబడి ఉంది. రెండు చేతుల్లో రెండు గిన్నెలు, ముఖం పాలిపోయి ఉంది.

"ఎవరయ్యా పోయింది?" అంది. "ఒక్కరూ చెప్పరేం? నేను బాగానే ఉన్నానంటే, 'ఆయన వచ్చి చెప్తాడులే, నువ్వు కూర్చో అమ్మా' అంటారు. టల్సాలో పిల్లకి మూడుసార్లు ఫోన్ చేశాను. అది బాగానే ఉంది. వీడేమో ఫోన్ ఎత్తడు!"

"లైబ్రరీలో చప్పుడు రాకూడదని నొక్కేశానక్కా," అన్నాడు గార్లండ్.

"నువ్వే పోయావనుకున్నానే!" అని డెల్బర్ట్ ఆమెని, గిన్నెలతో సహా, పట్టేసుకున్నాడు. పక్కటెముకలు భగ్గుమన్నాయి. వదల్లేదు. నుదుటి మీది గోధుమ రంగంతా ఆమె తెల్ల జాకెట్టుకి అంటుకుంది.

గది నిండా ఉన్న జనం కాసేపు సంతోషించారు. ఆ తర్వాత వాళ్ళకి తగిన వివరణ కావలసి వచ్చింది. నూడుల్సు, చికెను ఊరికే వండుకు రాలేదు కదా.

పాస్టరు వెండెల్ గొంతు సవరించుకున్నాడు. "దేవుడి దయవల్ల అందరూ క్షేమం. మంచిదే. కానీ డెల్బర్ట్ గారూ, మరి మీరు టోపీ ఎందుకు తీశారు?"

గోడ గడియారంలో మూడూ పది. ఏదో ఒక అబద్ధం చెప్పి వీళ్ళందరినీ సాగనంపేసరికి అయిదు దాటుతుంది. డెల్బర్ట్ భార్య వైపు చూశాడు. ఆమె కళ్ళ కింద నలుపు, రెండేళ్ళది, ఆ పూటే మొదటిసారి చూసినట్టు చూశాడు.

"గంజాయి కార్డు కోసమండీ, పాస్టరుగారూ," అన్నాడు. "ఫోటోకి తీశాను. మీ ప్రసంగానికి ఆమెన్ అన్నది నేనే. అన్నాక కూడా ఈ మంట తగ్గలేదు. రెండేళ్ళయింది నేను నిద్రపోయి. ఇదిగో, నాతోపాటు ఇదీ నిద్రపోలేదు. ముందు బెంచీలోంచి లేచి వెనక కూర్చోమంటే కూర్చుంటాను. కానీ ఇవ్వాళ అయిదింటిలోగా ఆ ఫోటో పంపాలి."

ఓర్విల్ తన టోపీ అంచుని చూసుకుంటున్నాడు. పాస్టరు ఫ్రిజ్ తలుపుకేసి, కిటికీకేసి చూశాడు.

"ఫోటో గోడకి ఆనుకుని తీశారా?" అన్నాడు చివరికి.

"ఆనుకునే."

"అదే తప్పు. రెండడుగులు ముందుకు రావాలి. తెల్ల గోడ కుదరదు, మన నుదుళ్ళకి అసలు కుదరదు. బూడిద రంగు వాళ్ళు ఒప్పుకుంటారు. ఇదిగో, ఈ ఫ్రిజ్ తలుపు సరిపోతుంది. ఒలీటా గారూ, ఆ లైటు ఆపేసి కిటికీ తెర తీయండి. వెలుతురు పక్కనుంచి పడాలి. ఫోను నిలువుగా పట్టాలి గార్లండూ, అడ్డంగా కాదు."

అందరూ నోళ్ళు తెరిచి ఆయన్నే చూస్తున్నారు. పాస్టరు చెవులు ఎర్రబడ్డాయి.

"మా అమ్మ కార్డుకి నేనే తీశాను," అన్నాడు. "రెండుసార్లు తిరిగొచ్చింది."

"ఓహో," అన్నాడు ఓర్విల్. "పెద్దావిడ కదా," అంది ఓర్విల్ భార్య. ఇంకెవరూ ఏమీ అడగలేదు.

డెల్బర్ట్ ముఖం కడుక్కుని ఫ్రిజ్ ముందు నిలబడ్డాడు. పాస్టరే దగ్గరుండి గడ్డం కాస్త పైకెత్తించి ఫోటో తీయించాడు. కాటన్ ఫోర్క్‌లో అన్నిటికన్నా జోరైన ఇంటర్నెట్ చర్చి ఆఫీసులో ఉంది కనుక అక్కడికే వెళ్ళారు. నాలుగూ నలభైకి, దైవసందేశాలు టైపు చేసే కంప్యూటరు మీదుగా, గంజాయి కార్డు దరఖాస్తు రాజధానికి చేరింది. ఈసారి ఎర్ర అక్షరాలు రాలేదు.

పన్నెండో రోజున పోస్టులో కార్డు వచ్చింది. మరుసటి ఉదయం ఒలీటాకి మెలకువ వచ్చి పక్కకి చూస్తే, డెల్బర్ట్ ముఖం మీద ఎండ పడుతోంది, ఆయన ఇంకా నిద్రపోతున్నాడు. ఏడున్నర. ఆమె మంచం అంచున కూర్చుని, చప్పుడు కాకుండా, తనివితీరా ఏడ్చింది. ఆ తర్వాత లేచి పీకాన్ గింజలతో ‘పై’ అనే తీపి రొట్టె ఒకటి చేసి పాస్టరు ఇంటికి తీసుకెళ్ళింది.

"ఇదెందుకండీ ఇప్పుడు?" అన్నాడు వెండెల్ మొహమాటపడుతూ.

"మీ అమ్మగారి పుణ్యమాని ఆయనకి నిద్ర పట్టిందండీ. ఆవిడని అడిగానని చెప్పండి," అంది ఒలీటా.

తప్పకుండా చెప్తానన్నాడు పాస్టరు. పెద్దావిడ పోయి ఆరేళ్ళయింది, అప్పటికి గంజాయి కార్డులే లేవు. ఆరోజు సమాధి దగ్గర ఊరు ఊరంతా టోపీలు తీసి నిలబడింది.