ఇరాన్ జాడీలో పద్మలత

కాకినాడలోని ఆ ప్రభుత్వ కార్యాలయంలో కొత్త ఉద్యోగులను నలభై రోజులు జాడీలో ఊరవేశాకే సీటు ఇస్తారు. జూనియర్ అసిస్టెంటుగా చేరిన యల్లమిల్లి పద్మలతకూ మొదటిరోజే ఫారం ఇచ్చారు. ఏ జాడీ కావాలో టిక్కు పెట్టాలి. ఇటలీ జాడీలో వెనిగర్, ఆలివ్ నూనె. ఇరాన్ జాడీలో వెనిగర్, వెల్లుల్లి. కొరియా జాడీని పెరట్లో పాతిపెడతారు గనక ఫోను పనిచేయదు. ఆంధ్రా జాడీకి ఎప్పుడూ వెయిటింగ్ లిస్టు.

“అసలెందుకు ఊరాలండీ?” అని అడిగింది పద్మలత.

జాడీల సూపరింటెండెంట్ అప్పలకొండ తలెత్తి చూశాడు. ఇన్నేళ్ల సర్వీసులో ఆ మాట ఎవరూ అడగలేదు.

“పచ్చిగా ఉంటే నిలవుండరమ్మా. మేవందరం ఊరినోళ్లవే,” అన్నాడు.

కారం పడదు గనక ఆమె ఇరాన్ జాడీలో దిగింది. అందులో అప్పటికే ఇద్దరు గుమాస్తాలు, ఒక డ్రైవరు, టైపిస్టు కామాక్షి మెడదాకా వెనిగర్‌లో ఉన్నారు. ఊరికే ఉండలేక పద్మలత వాళ్లను అడిగేది: ఒక్క సంతకానికి మూడు కిటికీలు ఎందుకు? మధ్యాహ్నం రమ్మని, మధ్యాహ్నం మూసేస్తారెందుకు? మొదట్లో వాళ్లు కళ్లు మూసుకున్నారు.

పదో రోజు కలపడానికి మూత తీసిన అప్పలకొండ చేతిలోంచి గరిటె జారిపోయింది. ఐదుగురూ బీట్‌రూట్ రంగుకు తిరిగి ఉన్నారు. “మూడు కిటికీలెందుకండీ?” అని అందరూ ఒక్కసారే అడిగారు.

జాడీ చెడిందని ఫైలు పైకి వెళ్లింది. పారబోస్తారేమోనని కామాక్షి ఏడ్చింది.

“నావల్లే వచ్చింది కామాక్షి గారూ,” అంది పద్మలత. ఆ తర్వాత ఆమె ఏమీ అడగలేదు.

నలభయ్యో రోజు పెద్దాఫీసరు స్వయంగా వచ్చి, ఒక చుక్క నాలిక మీద వేసుకుంది. “భేషుగ్గా ఉంది. ఇంత మంచి ప్రశ్నలు మనమీద వృథా చేయడమెందుకు? కౌంటర్లో కూర్చోబెట్టండి,” అంది.

ఇప్పుడు పద్మలతది పింఛన్ల కిటికీ. మొన్న ఉప్పాడ నుంచి దుమ్ము సత్తెయ్య అనే ముసలాయన వచ్చాడు.

“బతికే ఉన్నారా?”

“ఆయ్, ఉన్నానండి.”

“నిరుడు కూడా ఉన్నారా? ఎవరు చూశారు? ఇప్పుడు వాళ్లున్నారా?”

సత్తెయ్య అన్నిటికీ చేతులు కట్టుకుని జవాబు చెప్పాడు. సాక్షుల కోసం బయల్దేరుతూ వెనకాలున్న ఆవిడతో సంబరంగా అన్నాడు: “ఇదివరకు మొకం కూడా చూసేవోరు కాదండి. ఈ అమ్మాయిగారు ఎన్నడిగారో చూశారా!”

ఆవిడ తలూపి ముందుకు జరిగింది.