ట్యాబ్‌కి నాలుగు స్క్రూలు

ట్యాబ్‌ని పూర్తి కంప్యూటర్‌గా వాడి తీరాలి! ఒళ్ళో పెట్టుకుంటే పలక, బల్ల మీద నిలబెడితే కంప్యూటర్. ఇంత ఉపకారం చేసే వస్తువుని పట్టుకుని, ‘ఏదో ఒక్కటే అయితే చాలదా’ అని సణిగేవాళ్ళున్నారు. వాళ్ళకి పెద్దాపురం ఉదయభాస్కర్ సంగతి చెప్పి కళ్ళు తెరిపించాలని ఈ వ్యాసకర్త కంకణం కట్టుకున్నాడు.

ఉదయభాస్కర్ కాకినాడలో ఒక ఎరువుల కంపెనీలో డిస్పాచ్ సెక్షన్ చూస్తాడు. ఏ లారీలో ఎన్ని బస్తాలు ఎక్కాయో, ఏ ఊరికి పోయాయో లెక్క రాయడం అతని పని. ముప్పై దాటింది, పెళ్ళి కాలేదు. ట్యాబ్ వల్ల ఆ పెళ్ళి ఎలా చెడబోయిందో, ఆ ట్యాబ్ వల్లే ఎలా కుదిరిందో వింటే మీరే ఒప్పుకుంటారు.

ట్యాబ్ రాకముందు ఆ అబ్బాయి ఎంత చీకట్లో బతికాడో తలుచుకుంటే జాలేస్తుంది. అతనికో టేబులు, కుర్చీ, కుర్చీ మీద తువ్వాలు, టేబులు మీద కంప్యూటర్ ఉండేవి. ఆ కంప్యూటర్ ఉన్నచోటు నుంచి కదిలేది కాదు. దసరాకి పెట్టిన పసుపూ కుంకుమా మళ్ళీ దసరా దాకా దాని నుదుటి మీద ఉండేవి. సాయంత్రం ఆపేస్తే ఆగిపోయేది. మర్నాడు పొద్దున్న మళ్ళీ మీట నొక్కేదాకా దానికి కంపెనీ ధ్యాసే ఉండేది కాదు. ఎంత బాధ్యత లేని యంత్రమో చూడండి!

ఇక ఉదయభాస్కర్? అతనూ అంతే. బస్సెక్కి పెద్దాపురం వచ్చి, స్నానం చేసి, వాళ్ళమ్మ వేడిగా వడ్డించింది తిని, వీధిలో పడక్కుర్చీ వేసుకుని హాయిగా కూర్చునేవాడు. ఆ వేళప్పుడు ఎవరైనా ఆఫీసుకి ఫోన్ చేస్తే అటెండరు వీరబాబు ఎత్తి, “ఆయన సీట్లో లేరండి” అనేవాడు. అంతే! ఆ ఒక్క మాటతో లారీలు, బస్తాలు, మేనేజరు పల్లంరాజుగారు అందరూ తెల్లారేదాకా ఆగిపోయేవారు. ఇలాగైతే దేశం ఎలా బాగుపడుతుందండీ?

పల్లంరాజుగారు మంచి మనిషి. ఎవరినీ పల్లెత్తు మాటనరు. కాకపోతే ఆయనకి కొత్త వస్తువంటే ప్రాణం. ఒకరోజు అందరినీ పిలిచి, తలా ఒక ట్యాబ్ చేతికిచ్చి, ఇకనుంచి ఆఫీసు మీ చంకలోనే ఉంటుందని శుభవార్త చెప్పారు. పాత కంప్యూటర్లని వీరబాబు బొట్లు కూడా తుడవకుండా స్టోర్‌రూమ్‌కి మోసుకెళ్ళాడు. గోడకి ఒక సర్క్యులర్ అంటించారు. ‘ట్యాబ్ అనగా పూర్తి స్థాయి డెస్క్‌టాప్. అటులనే వాడవలెను.’

ఇంకో విశేషం. భద్రత కోసమని లారీల లెక్క ఆ ట్యాబ్‌లో తప్ప ఇంకెందులోనూ తెరుచుకోకుండా కట్టుదిట్టం చేశారు. సెల్‌ఫోన్‌లో కూడా రాదు. అంటే ట్యాబ్ ఎక్కడుంటే ఆఫీసు అక్కడే.

ఆ రోజు నుంచి ఉదయభాస్కర్ జీవితం వెలిగిపోయింది. తెర వెలుతురు మొహం మీద ఎప్పుడూ పడుతూనే ఉంటే వెలగక ఏం చేస్తుంది? బస్సులో ఒక చేత్తో రాడ్డు, ఒక చేత్తో ట్యాబ్. సీటు దొరికిన రోజున మౌస్ పెట్టుకోడానికి చోటు లేక పక్కనాయన కొబ్బరికాయల సంచి మీద పెట్టి తిప్పాడు. ఆయన కూడా పాపం సామర్లకోట లోడు పూర్తయ్యేదాకా కదలకుండా కూర్చున్నాడు. మంగలి షాపులో సగం గడ్డం గీయించుకుని, నురగ మొహంతో మీటింగులో కనిపించాడు. స్నానానికి వెళ్తే ట్యాబ్ తలుపు బయట మోగుతూ ఉండేది. పాత కంప్యూటర్ ఏనాడైనా మనిషిని ఇంత ప్రేమగా వెతుక్కుంటూ వచ్చిందా?

ఆషాఢంలో మరిడమ్మ జాతరకి వెళ్ళినప్పుడు ఈ యంత్రం వల్ల అతనికి హోదా కూడా వచ్చింది. దర్శనం వరసలో నిలబడి లెక్క కడుతుంటే, తలుపులమ్మ అనే ముసలావిడ వచ్చి బొటనవేలు చాపింది. ఊళ్ళో ట్యాబ్ పట్టుకుని నిలబడ్డవాడు సర్వేకో పింఛనుకో వేలిముద్రలు తీసుకోడానికి వచ్చినవాడు కాక మరెవరు? తనది పింఛను కాదని, ఎరువని ఎంత చెప్పినా ఆవిడ వినలేదు. ఆవిడ వెనక మరికొందరు వేళ్ళు చాపి నిలబడ్డారు. అమ్మవారి వరస కంటే అతని వరస పొడుగైంది. చివరికి అమ్మవారి ఎదుటికి వచ్చేసరికి పల్లంరాజుగారు లైన్లోకి వచ్చారు. ఉదయభాస్కర్ రెండు చేతుల మధ్య ట్యాబ్ పెట్టుకునే దణ్ణం పెట్టాడు.

ఇలా ఉండగా నిడదవోలు నుంచి సంబంధం వచ్చింది. అమ్మాయి పేరు సత్యశ్రీ. అక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. ఫొటో చూడగానే ఉదయభాస్కర్‌కి నచ్చింది. ఆదివారం పూట తల్లిని వెంటబెట్టుకుని పెళ్ళిచూపులకి వెళ్ళాడు. ట్యాబ్ వెళ్ళిందా అని అడుగుతున్నారా? అది లేకుండా అతను వీధి గుమ్మం దాటడం మానేసి చాలా కాలమైంది.

అమ్మాయి తండ్రి చంద్రరావుగారు వ్యవసాయదారు, మర్యాద తెలిసిన మనిషి. అందరూ కూర్చుని పూతరేకులు చేతిలోకి తీసుకున్నారో లేదో, ట్యాబ్ మోగింది. ఉదయభాస్కర్ దాన్ని టీపాయ్ మీద నిలబెట్టాడు. తెర నిండా పల్లంరాజుగారు. చంద్రరావుగారు లేచి నమస్కారం పెట్టారు. పెళ్ళివారి తరఫు పెద్దమనిషి తెరలో ఉన్నంత మాత్రాన పెద్దమనిషి కాకపోతాడా? ట్యాబ్ ముందు కూడా ఒక ప్లేటులో పూతరేకులు, గ్లాసుతో మంచినీళ్ళు పెట్టించారు. పల్లంరాజుగారు తర్వాత తింటానని చెప్పి, ముందు రాజానగరం లారీల లెక్క అడిగారు.

ఆ లెక్క కడుతూ ఉండగానే సత్యశ్రీ వచ్చి పక్కగా ఉన్న కుర్చీలో కూర్చుంది. తల తిప్పితే లెక్క పోతుంది, తిప్పకపోతే అమ్మాయి పోతుంది. ఉదయభాస్కర్ తెర మీద నీడలా కనిపించిన అమ్మాయిని చూసే సరిపెట్టుకున్నాడు. మొదట కళ్ళారా చూసినవారు పల్లంరాజుగారు.

“అమ్మాయి లక్షణంగా ఉందయ్యా. ఆ రాజానగరం లెక్క ఒకసారి సరిచూసి పంపెయ్,” అన్నారాయన.

అబ్బాయీ అమ్మాయీ మాట్లాడుకోవాలని ఇద్దర్నీ వరండాలోకి పంపారు. ఉదయభాస్కర్ ట్యాబ్‌ని చంకలో పెట్టుకునే వెళ్ళాడు. అక్కడ సత్యశ్రీ అడిగింది ఒకే ఒక్క ప్రశ్న.

“మీరు సాయంత్రం ఇంటికి ఎప్పుడొస్తారండి?”

అతను ఉత్సాహంగా ట్యాబ్ చూపించి, ఇది పూర్తి కంప్యూటర్ అనీ, దీంతో ఎక్కడ కూర్చుని అయినా పని చేసుకోవచ్చనీ, ఇంటికి తొందరగానే రావచ్చనీ వివరించాడు.

“నేనడిగింది అది కాదండి,” అంది సత్యశ్రీ మెల్లగా. “మా స్కూలు వాళ్ళు నాకూ ఒకటిచ్చారు. ఇంటికొచ్చాక కూడా అందులో మార్కులు ఎక్కిస్తూనే ఉంటాను. మీరు అందులో, నేను ఇందులో ఉంటే ఇంట్లో ఎవరుంటారండి?”

ఈ ప్రశ్నకి సర్క్యులర్‌లో జవాబు లేదు.  ఆలోచించుకుని చెబుతానని ఆ అమ్మాయి లోపలికి వెళ్ళిపోయింది.

నిడదవోలు నుంచి కబురు రాలేదు. తల్లి రోజూ అడుగుతోంది, ఇతను రోజూ తల గోక్కుంటున్నాడు. ముప్పై దాటిన మనిషికి మొదటిసారి ఒక అమ్మాయి నిజంగా నచ్చింది. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న కూడా నచ్చింది. దానికి తన దగ్గర జవాబు లేకపోవడమే నచ్చలేదు. అన్నం ముందు కూర్చున్నా లారీల లెక్క మధ్యలో ఆ మాటే గుర్తొచ్చేది.

ఒకరోజు ఆఫీసులో దిగులుగా గోడ వైపు చూస్తూ కూర్చుంటే సర్క్యులర్ కనిపించింది. రోజూ కనిపించేదే. ఆ రోజు అతను దాన్ని భక్తిగా, ఒక్కో మాటా విడివిడిగా చదివాడు. పూర్తి స్థాయి డెస్క్‌టాప్. అటులనే వాడవలెను. ఇన్నాళ్ళూ ఎంత తప్పు చేశాడు! డెస్క్‌టాప్‌ని ఎవరైనా జాతరకి తీసుకెళ్తారా?

ఆ మధ్యాహ్నమే పల్లంరాజుగారి గదిలోకి వెళ్ళి, తెర చిన్నదై అంకెలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయని, పెద్ద మానిటర్ ఉంటే ట్యాబ్ అసలు శక్తి బయటికొస్తుందని విన్నవించుకున్నాడు. పల్లంరాజుగారు మురిసిపోయి మంజూరు చేశారు. తర్వాత పెద్ద కీబోర్డు వచ్చింది. తర్వాత ప్రింటర్, నెట్ వైరు, కరెంటు పోయినా ఆగకుండా ఒక యూపీఎస్. వీటన్నిటినీ కలిపే డబ్బా ఒకటి వచ్చింది. ట్యాబ్ చుట్టూ వైర్లు అల్లుకుని అది ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. ఇంత ఖరీదైన సరంజామా ఎవరైనా ఎత్తుకుపోతే ఎలాగని భయం నటిస్తే, పల్లంరాజుగారే ఎలక్ట్రీషియన్ సత్తియ్యని పిలిపించారు. సత్తియ్య ఒక ఇనుప స్టాండులో ట్యాబ్‌ని కూర్చోబెట్టి, టేబులుకి నాలుగు స్క్రూలు బిగించాడు. వీరబాబు దానికి పసుపూ కుంకుమా పెట్టాడు.

ట్యాబ్ పూర్తి కంప్యూటర్ కాదన్నవాళ్ళు ఇప్పుడు వచ్చి చూడండి! అదే రోజు హెడ్డాఫీసు వాళ్ళు వచ్చి చూశారు కూడా. పల్లంరాజుగారు దాని పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నారు. ఆ ఫొటో కంపెనీ పత్రికకి పంపించారు.

ఆ సాయంత్రం ఉదయభాస్కర్ స్విచ్ ఆపి, ఉత్త చేతులతో బస్సెక్కాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు తికమకపడ్డాడు. ఇంటికొచ్చి అన్నం తింటుంటే పల్లంరాజుగారు సెల్‌ఫోన్‌కి చేసి, ఒక లారీ లెక్క కావాలి, అర్జంటుగా ట్యాబ్ తెరవమన్నారు.

“ట్యాబ్ టేబులు మీదుందండి.”

“టేబులు ఎక్కడుందయ్యా?”

“ఆఫీసులోనండి. డెస్క్‌టాప్‌లాగే వాడమన్నారు కదండీ.”

పల్లంరాజుగారికి స్క్రూలు విప్పించుకెళ్ళమందామంటే పత్రికకి పంపిన ఫొటో గుర్తొచ్చింది. సరే, పొద్దున్న చూద్దాంలే అని పెట్టేశారు. లారీ కూడా పొద్దుటిదాకా ఆగింది. దానికేమీ కాలేదు.

ఉదయభాస్కర్ ధైర్యం చేసి సత్యశ్రీకి ఫోన్ చేశాడు. ఇప్పుడు సాయంత్రం ఇంటికొచ్చేస్తున్నానని, నిజంగానే వస్తున్నానని చెప్పాడు. ఆ అమ్మాయి లెక్కల టీచరు. జవాబు చెప్పినంత మాత్రాన ఒప్పుకోదు, సరిచూసుకోవాలి. మర్నాడు పొద్దుగూకాక తిన్నగా కాకినాడ ఆఫీసుకే ఫోన్ చేసింది. తాళాలు వేయబోతున్న వీరబాబు వెనక్కి వచ్చి ఎత్తాడు.

“ఉదయభాస్కర్‌గారు సీట్లో లేరండి.”

“మరెక్కడున్నారండి?”

“ఇంటికెళ్ళిపోయారండి.”

“ఆయన ట్యాబ్?”

వీరబాబు తొంగి చూశాడు. “సీట్లోనే ఉందండి. నాలుగు స్క్రూలు బిగించాం, ఎక్కడికెళ్తుందండీ?”

సత్యశ్రీ ఆ స్క్రూలు బిగించినాయన ఫోన్ నంబరు ఇస్తారా అని అడిగి, చేతి మీద రాసుకుంది. లోపలికి వెళ్ళి ముహూర్తం పెట్టించమని తండ్రితో చెప్పింది. ఆ తర్వాత తన ట్యాబ్ ఆపేసి, నిడదవోలు వచ్చి స్కూల్లో ఒక టేబులు చూడాలని సత్తియ్యకి ఫోన్ చేసింది.