ఎవరి జవాబులు ఎవరివి

ఆ గురువారం ఉదయం మెరిన్ పెట్టుకున్న పని ఒక్కటే: టీ వేడిగా ఉండగానే తాగడం. చాలా రోజులుగా ఆమెకు ఆ భాగ్యం లేదు. కిండర్ అనే చిన్నపిల్లల బడి ముగించి పెద్దబడికి వెళ్ళబోయే పిల్లలకు గుర్తుగా ఇచ్చే పుస్తకాన్ని తయారుచేసే పని కమిటీ అధ్యక్షురాలు గేనర్ ఆమె నెత్తిన పెట్టింది. అట్ట మీద కొవాలా బొమ్మ వేస్తే నిద్రమొహంలా ఉందంది. కూకబరా పిట్టను వేస్తే అది మనల్ని చూసి నవ్వుతోందంది. విసుగెత్తి ఏ బొమ్మా లేని నీలం అట్ట వేస్తే, "చూశావా, నేను మొదట్నుంచీ చెప్తున్నది ఇదే," అంది. మెరిన్ కోపం ఆ రోజే మొదలైంది.

పుస్తకంలో పిల్లకో పేజీ. పైన ఫొటో, కింద "మీ ఇంటి సంగతి ఒకటి చెప్పు" అని టీచర్ అడిగితే ఆ పిల్ల చెప్పిన జవాబు. బుధవారం పుస్తకాలు పిల్లల సంచుల్లో ఇళ్ళకు చేరాయి. శుక్రవారం వీడ్కోలు సభ.

మెరిన్ కప్పు ఎత్తేలోపే తలుపు దబదబా మోగింది. వచ్చింది మాంసం కొట్టు వారిక్. మందు మానమని చర్చిలో ఊరందరికీ బుద్ధులు చెప్పే మనిషి. అతని కొడుకు హ్యూయీ ఫొటో కింద "మా నాన్న బీరు సీసాలు గడ్డి కోసే మిషన్ వెనక దాస్తాడు" అని ఉంది.

"బుద్ధెరిగినప్పట్నుంచి చుక్క ముట్టలేదమ్మా నేను. ఆదివారం చర్చిలో ఏ మొహం పెట్టుకుని నిలబడమంటావు?"

అంతటితో ఆగక పేజీ తిప్పి చూపించాడు. పోలీసు సార్జెంటమ్మ లియోనీ కూతురు ఓర్లా ఫొటో కింద ఇలా ఉంది: "మేం సాసేజీలు సూపర్‌మార్కెట్లోనే కొంటాం. కొట్లో అమ్మేవాటిలో ఏం కలుపుతారో మా నాన్నకు తెలుసు."

"ఊళ్ళో ఉన్న కొట్టు నాదొక్కటే. ఓర్లా నాన్న బస్సు నడుపుతాడు. నా సాసేజీల సంగతి అతనికేం తెలుసు?" అంటూ గేటు విరిగేలా వేసి వెళ్ళాడు.

మధ్యాహ్నానికల్లా అతని కొట్టు ముందు "పోలీసువారికి మాంసం అమ్మబడదు" అని బోర్డు వేలాడింది. ఆ బోర్డు చూసిన లియోనీకి ఒళ్ళు మండింది. ఆమెకూ పుస్తకంలో ఒక పేజీ నచ్చలేదు. గేనర్ కొడుకు రూపర్ట్ ఫొటో కింద "ఆలస్యమైతే అమ్మ కారు గాల్లో పోనిస్తుంది. ఎవరికీ చెప్పకు అంటుంది" అని ఉంది. కోపం ఎక్కడో ఒకచోట తీరాలి కాబట్టి ఆమె కిండర్ గేటు దగ్గర కాపు కాసి, గేనర్ కారు ఆపి, తల్లులందరి ముందూ మందు పరీక్ష గొట్టంలోకి ఊదించింది.

గేనర్ వెంటనే మెరిన్‌కు ఫోన్ చేసింది. తన పరువు తీసిన పుస్తకం గురించి చాలాసేపు అరిచి, చివర్లో మాత్రం గొంతు మెత్తగా చేసుకుంది.

"పోన్లే మెరిన్. నీ బాధ మాత్రం నాకు తెలీదా? ఒత్తిడిలో ఎవరికైనా ఆకలేస్తుంది."

అప్పుడుగానీ మెరిన్ తన కూతురు ఫెర్న్ పేజీ తెరిచి చూడలేదు. "అమ్మ మీటింగుందని చెప్పి కారులో కూర్చుని ఒక్కతే కేకంతా తినేస్తుంది" అని ఉంది. కేకు సంగతి దేవుడెరుగు, కారులో కూర్చునే తీరిక ఆమెకు ఎప్పుడుందని? మెరిన్ నెత్తురు సలసలా కాగింది. మొగుడు గ్రాంట్ నవ్వు ఆపుకోలేక ఇంటి వెనక్కి వెళ్ళిపోయాడు.

కంప్యూటర్ ముందు కూర్చుని మొదటి నుంచీ పేజీలు సరిచూసింది. తప్పు దొరికింది. డార్సీ అనే పిల్లాడి కుటుంబం చలికాలంలోనే క్వీన్స్‌లాండ్ వెళ్ళిపోయింది. వాడి ఫొటో మెరిన్ తీసేసింది కానీ జవాబు తీయడం మరిచింది. బీరు దాచింది వాడి నాన్న. అక్కడి నుంచి ఒక్కొక్కరి జవాబూ తర్వాతి పిల్ల ఫొటో కిందికి జారింది. వరసలో చివరిదైన ఫెర్న్ జవాబు పుస్తకంలోకే రాలేదు.

తన మీద తనకు కోపం వచ్చింది గానీ ఎంతోసేపు నిలవలేదు. ఒక్కరైనా మర్యాదగా అడిగారా? సాయంత్రం అందర్నీ కిండర్‌కు పిలిపించింది. వారిక్, లియోనీ, గేనర్ మోకాళ్ళు గడ్డానికి తగిలేలా పిల్లల కుర్చీల్లో కూర్చున్నారు. సరిచేసిన కాగితాలు మెరిన్ గట్టిగా చదివింది.

"సాసేజీలు సూపర్‌మార్కెట్లో కొనే ఇల్లు వారిక్‌ది. కారు గాల్లో పోనిచ్చేది సార్జెంట్ గారు. కేకు గేనర్‌ది. రేపటికల్లా కొత్త పుస్తకాలు వేయిస్తాను. సరేనా?"

ఎవరూ సరే అనలేదు. వారిక్ దగ్గి, పాత పుస్తకమే ముచ్చటగా ఉందన్నాడు. అంత కాగితం వృథా చేయడం దేనికని లియోనీ అడిగింది.

"అయినా బీరు తాగితే తప్పేముందిలే," అన్నాడు వారిక్ మళ్ళీ, నేల చూస్తూ.

గేనర్ కూడా గబగబా తలూపింది. మెరిన్ కళ్ళు మెరిశాయి.

"కుదరదు. నిజం నిజంగానే అచ్చు కావాలి," అంది.

గ్రాంట్ వెనక నుంచి ఆమె చెయ్యి లాగాడు. "మెరీ, ఆ చివరి కాగితం కూడా ఒకసారి చూడు."

చూసింది. ఫెర్న్ జవాబు: "అమ్మకు కోపమొస్తే నాన్న, నేను కోళ్ళగూట్లో దాక్కుంటాం. రోజూ వెళ్తాం. అందుకే నాన్న అక్కడ కుర్చీ వేశాడు."

గ్రాంట్ పైకప్పు వైపు చూస్తున్నాడు. మెరిన్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుంది. అరవడానికి నోరు తెరిచి, మూసేసింది.

పాత పుస్తకమే ఉంచాలన్న తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. పొరపాటుకు బాధ్యత క్వీన్స్‌లాండ్ వెళ్ళిన కుటుంబానిదని మీటింగు మినిట్స్‌లో రాశారు.