చందువల ఉపవాసం

శుక్రవారం పొద్దున్న కృపానందం వేపపుల్ల నములుతూ పెరట్లోకి వచ్చాడు. అటూ ఇటూ చూసి, అంట్లు తోముతున్న భార్య పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"వచ్చే శనివారం బందరు వెళ్దాం," అన్నాడు గుసగుసగా.

"అయ్యో, ఎవరు పోయారు?" అంది రూతమ్మ.

"ఎవరూ పోలేదు. మనమే పోదాం. మనిద్దరమే. మంగినపూడిలో సముద్రం చూసి ఆదివారం సాయంత్రానికి వచ్చేద్దాం."

రూతమ్మ చేతిలో గిన్నె ఆగిపోయింది. ఆమెది మైలవరం. కొండలు తెలుసు, మామిడితోటలు తెలుసు. సముద్రాన్ని మాత్రం గోడమీది క్యాలెండరులోనే చూసింది. పెళ్లయిన మూడోరోజున కృపానందం ఆమెకు సముద్రం చూపిస్తానని మాటిచ్చాడు. మొదటి ఏడు తుఫాను వచ్చింది. రెండో ఏడు పెద్దవాడు పుట్టాడు. తర్వాత చిన్నది పుట్టింది. ఒక ఏడు ప్రయాణం రేపనగా ఇంట్లో పెద్దావిడ దానమ్మకు సెగగడ్డ లేచింది. ఆరో ఏడు వచ్చేసరికి రూతమ్మ అడగడం మానేసింది. అడగడం మానేసిన భార్యను చూసి భయపడాలని తెలిసేంత అనుభవం అప్పటికి కృపానందానికి వచ్చింది.

అందుకే ఈసారి ఏర్పాట్లన్నీ పకడ్బందీగా చేశాడు. రెండో శనివారం ఆఫీసుకు సెలవు. పిల్లలిద్దరూ మైలవరంలో అమ్మమ్మ దగ్గర ఉన్నారు. కాలవల ఆఫీసులో తన పక్క సీటు రామలింగానిది బందరే. అతను ఉత్తరం రాసి, మంగినపూడి ఒడ్డున పాక వేసుకుని ఉండే జక్కయ్యతో మాట్లాడిపెట్టాడు. శనివారం మధ్యాహ్నానికి ఇద్దరికి భోజనం. చందువ చేపలు. ఉప్పూ కారం పట్టించి పెనం మీద ఎర్రగా వేయించినవి. ఆ మాట రామలింగం చెప్పిన దగ్గర్నుంచీ కృపానందం ఫైళ్లలో అంకెలు తప్పు వేస్తున్నాడు.

"మరి అత్తయ్యగారో?" అని అడిగింది రూతమ్మ, ఇంకా గొంతు తగ్గించి.

ఆ ఇంట్లో ఏ సంతోషమైనా ఆగిపోయేది ఆ ప్రశ్న దగ్గరే. దానమ్మ కృపానందానికి మేనత్త. తల్లి లేని పిల్లవాణ్ణి పెంచి పెద్దచేసిన మనిషి. నర్సు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఆమెకు మేనల్లుణ్ణి కనిపెట్టుకుని ఉండడం తప్ప వేరే పని లేదు. అతను ఎక్కడికి వెళ్తే అక్కడికి ఆమె. కొత్తదంపతులు రిక్షాలో కృష్ణా బ్యారేజీ చూడ్డానికి బయల్దేరితే, ఆమె ఎక్కి మధ్యలో కూర్చుంది. సినిమాహాల్లోనూ మధ్యలోనే కూర్చుంది. "అసలే చీకటి, అమ్మాయి జడుసుకుంటుంది," అని కారణం చెప్పింది.

"దానికీ ఉపాయం ఉంది," అన్నాడు కృపానందం. "అత్త రానిది ఒక్కచోటికే."

తొమ్మిదింటికి దానమ్మ అయిదో ఇడ్లీ తుంచుతుండగా అతను ముఖం వీలైనంత పవిత్రంగా పెట్టి చెప్పాడు. "అత్తా, ఈస్టరుకు ముందు శ్రమల దినాలు కదా. వచ్చే శనివారం నేనూ రూతూ సముద్రపు ఒడ్డున ఉపవాస ప్రార్థన చేసుకుందామనుకుంటున్నాం. నువ్వూ రారాదూ?"

దానమ్మ చేయి కారప్పొడి మీదే నిలిచిపోయింది. "ఉపవాసమా? పచ్చి మంచినీళ్లు కూడానా?"

"మంచినీళ్లు కూడా ముట్టం."

"నా వల్ల కాదు నాయనా. పదింటికి కడుపులో ఏదో ఒకటి పడకపోతే నాకు కళ్లు తిరుగుతాయి. మీరెళ్లి రండి." ఆమె కళ్లు చెమర్చాయి. "నీకింత భక్తి ఉందని నాకు తెలియదురా కృపా!"

కృపానందం పెరట్లోకి వెళ్లి నవ్వాపుకోలేక తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. అతను మరిచిపోయిన సంగతి ఒకటుంది. దానమ్మ కడుపు ఆకలికి ఆగదు. నోరు దేనికీ ఆగదు.

ఆ సాయంత్రమే చర్చిలో స్త్రీల కూటంలో ఆమె లేచి నిలబడి మేనల్లుడి భక్తిని గురించి కన్నీళ్లతో సాక్ష్యం చెప్పింది. పాస్టరు ఇశ్రాయేలుగారు అక్కడే ఉన్నారు. మూడేళ్లుగా ఉపవాసాన్ని గురించి ఆయన పటమట సంఘానికి బోధిస్తూనే ఉన్నారు, సంఘం త్రేన్పులతో వింటూనే ఉంది. ఇన్నాళ్లకు ఒక్కడు దొరికాడు.

ఆదివారం ఆరాధనలో ఆయన ప్రసంగం మధ్యలో ఆపి, వేలు చాచి కృపానందాన్ని చూపించారు. "మన మధ్య ఒక దానియేలు లేచాడు! సముద్రతీరాన ఉపవాసముంటాడట. ఒక్కడే! మనమంతా ఇక్కడ పప్పుచారు జుర్రుకుంటూ కూర్చుందామా?"

వెనక బల్ల మీంచి అబ్రహాము లేచాడు. అతనిది తవుడు తోలే లారీ. "శనివారం మన లారీ ఖాళీయేనండి అయ్యగారూ! ఎంతమందైనా పడతారు."

సముద్రం మాట వినగానే ముప్పై ఎనిమిది చేతులు లేచాయి. ఉపవాసం మాట గుర్తొచ్చి రెండు దిగబోయాయి గాని, పక్కవాళ్లు చూస్తున్నారని ఆగిపోయాయి. "శనివారం సూర్యోదయం నుంచి ఆదివారం ఆరాధన దాకా సంఘమంతా ఉపవాసం," అని ప్రకటించారు ఇశ్రాయేలుగారు. "మధ్యాహ్నం వాక్యం చెప్పేది మన కృపానందం!"

ఆడవాళ్ల వైపు నుంచి రూతమ్మ భర్తకేసి చూసింది. కృపానందం పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకుని చివరి పాట పాడాడు.

"నలభైమందితో కలిసి పస్తులుండడానికి సముద్రం దాకా ఎందుకండీ?" అంది ఇంటికి రాగానే. "ఇక్కడే మాడి చావొచ్చుగా!"

"నేనేం చేసేది రూతూ? అత్త..."

"అత్తయ్యగారు అబద్ధం చెప్పలేదు. చెప్పింది మీరు. సముద్రం చూడకుండా వచ్చేనో, నేనటునుంచటే మైలవరం పోతా."

సోమవారం అతను కడుపునొప్పి అని పాస్టరుగారి దగ్గరికి వెళ్లాడు. "దానికి ఉపవాసాన్ని మించిన మందు లేదు నాయనా," అన్నారాయన. మంగళవారం హెడ్‌క్లర్కు రామకోటేశ్వరరావును ఆశ్రయించాడు.

"సార్, శనివారం పెండింగు పని ఉందని నన్ను ఆఫీసుకు రమ్మనండి. గట్టిగా. వీలైతే కాగితం మీద."

"ఎందుకోయ్?"

కృపానందం నసుగుతూ ఉపవాసం సంగతి చెప్పాడు. రామకోటేశ్వరరావు ఏకాదశి నాడు పచ్చి గంగ ముట్టని మనిషి. వెంటనే కుర్చీలోంచి లేచాడు. "దైవకార్యానికి అడ్డుపడి ఆ పాపం నన్ను మూటగట్టుకోమంటావా? ఏ దేవుడైతేనేం! శుక్రవారం కూడా మధ్యాహ్నమే వెళ్లిపో. మనసు నిలుపుకో." సాయంత్రానికల్లా ఆఫీసులో అందరికీ తెలిసింది. బుధవారం నుంచి ఎవరూ అతని ముందు టీ కూడా తాగలేదు. అతనికీ తెప్పించలేదు.

ఈ హడావుడిలో జక్కయ్యకు వద్దని కబురు పెట్టడం మాత్రం అతనికి తట్టలేదు.

శనివారం తెల్లవారేసరికి లారీ గుమ్మంలో ఉంది. ముందు గుడ్డ మీద ఎర్ర అక్షరాలతో "ఉపవాస దండయాత్ర" అని రాసి కట్టారు. కృపానందం, రూతమ్మ ఎక్కి ఖాళీ తవుడు గోనెల మీద కూర్చోగానే ఎవరో వాళ్లిద్దరినీ చెరోపక్కకు జరిపారు. దానమ్మ! ఒళ్లో పెద్ద బిస్కెట్ల డబ్బా.

"ఇంతమంది వెళ్తుంటే నేనొక్కదాన్నీ ఇంట్లో ఏం చేసేదిరా?"

"ఉపవాసం అత్తా!"

"నేను ఉపవాసమేరా. ఇవి మందు," అని ఒకటి కొరికింది.

కంకిపాడు దాటేవరకు పాటలు హోరెత్తాయి. ఉయ్యూరులో చెరకు వాసనకు శ్రుతి తగ్గింది. పామర్రులో లారీ నీళ్లకోసం ఆగింది సరిగ్గా హోటలు ముందు. లోపల పెసరట్టు మీద అల్లం చల్లుతున్న చప్పుడు కూడా వినిపించినట్టయింది. అక్కడ పాట పూర్తిగా ఆగిపోయింది. పదకొండు గంటలకు మంగినపూడి చేరారు.

రూతమ్మ ఇసుక దిబ్బ ఎక్కి నిలబడిపోయింది. గాలికి కొంగు ఎగిరి మొహాన పడితే తీసేసి మళ్లీ చూసింది. "అమ్మో, ఇంతుందా?" అంది. కృపానందానికి ఆ ఒక్క క్షణం వారం రోజుల బాధా మరుపుకొచ్చింది.

ఆ వెంటనే ఇశ్రాయేలుగారు ఈల వేశారు. ఆయన సరుగుడు చెట్ల నీడన నిలబడి, సంఘాన్ని తనకు ఎదురుగా కూర్చోబెట్టారు. అంటే అందరి వీపులూ సముద్రం వైపే. ఆరేళ్లు ఎదురుచూసిన సముద్రానికి వీపు పెట్టి రూతమ్మ కూర్చుంది. వెనక అల విరిగినప్పుడల్లా తల తిప్పబోవడం, దానమ్మ మోచేత్తో పొడవడం.

ఒంటిగంటకు కృపానందం వాక్యం చెప్పడానికి లేచాడు. ఆశానిగ్రహం అనే విషయం మీద నాలుగు పేజీలు రాసుకొచ్చాడు. మొదటి పేజీ విప్పాడో లేదో, దిబ్బ వెనకనుంచి నెత్తిన పెద్ద బేసిన్‌తో ఒక మనిషి దిగాడు.

"కిరపానందంగారంటే ఎవరండీ? నేను జక్కయ్యనండి. రామలింగంగారు రాశారు గదండీ, మీ ఇద్దరి బోజనం. చందువలండి!"

అరిటాకు తీశాడు. సముద్రపు గాలి ఆ వాసనను పొట్టలో ఏమీ లేని నలభైమంది మీదుగా తీరిగ్గా మోసుకుపోయింది. ఎవరూ కదల్లేదు. కొందరికి ఊపిరి పీల్చడం తప్ప వేరే పని లేకపోయింది.

"ఏమిటిది, కృపానందం?" అన్నారు ఇశ్రాయేలుగారు.

ఎవరో తన బదులు మాట్లాడినట్టుగా అతని నోట్లోంచి ఒక మాట వచ్చింది. "దృష్టాంతం అయ్యగారూ."

"దృష్టాంతమా?"

"అవునండి. వాక్యానికి... దృష్టాంతం."

ఇక వాక్యం చెప్పక తప్పదు. నాలుగు పేజీల్లో ఎక్కడా చేప లేదు. కాగితాలు జేబులో పెట్టేసి అతను వేరే సంగతి ఎత్తుకున్నాడు. శిష్యులు రాత్రంతా వల వేసి ఒట్టి చేతులతో అలిసిపోయారు. తెల్లారేసరికి ఒడ్డున ప్రభువు నిలబడి ఉన్నాడు. "చేతిలో ఏముంది? గ్రంథమా? కొరడానా? కాదు!" అన్నాడు కృపానందం, కళ్లు బేసిన్ మీదే నిలిపి. "నిప్పులు రాజేశాడు. నిప్పుల మీద చేపలు పెట్టాడు. కొవ్వు కరిగి నిప్పులో పడి చుయ్యిమంటోంది. అంచులు ఎర్రగా కాలాయి. ముల్లు దానంతటదే ఊడొస్తోంది. పాపం, వాళ్లు రాత్రి నుంచి ఏమీ తినలేదు. ఆయన తన చేత్తో తీసి, రండి నాయనా, తినండి అన్నాడు!"

జన్మలో అంత బాగా అతను ఎప్పుడూ మాట్లాడలేదు. ఆకలి అతని చేత మాట్లాడించింది. ముందు వరసలో అబ్రహాము "ఆమేన్!" అని గుటక వేశాడు. ఒక ముసలమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. దానమ్మ బిస్కెట్ల డబ్బా ఇసుకలోకి గిరాటేసింది.

ఇశ్రాయేలుగారు కళ్లు మూసుకుని గాలి గట్టిగా పీల్చారు. ఆయనా పొద్దున్నుంచి ఏమీ తినలేదు. "సంఘమా," అన్నారు చివరికి, "ప్రభువే ఒడ్డున నిలబడి వడ్డిస్తుంటే వద్దనడానికి మనమెవరం? జక్కయ్యా, ఇంకెన్ని ఉన్నాయి?"

"పొద్దున్న వల నిండా పడ్డాయండి. పాలెంలో ఆడాళ్లందరూ కూర్చుంటే అరగంటండి!"

అరగంటలో విస్తళ్లు పడ్డాయి. వేడన్నం, పులుసు, విస్తరికో చందువ. కృపానందం గెలిచినవాడిలా కూర్చుని, తన చేప మీద చేయి వేశాడు. ఇశ్రాయేలుగారు ఆప్యాయంగా ఆ మణికట్టు పట్టుకున్నారు.

"నువ్వు వద్దు నాయనా."

"అదేమిటండీ!"

"ఉపవాసం దేవుని సన్నిధిలో ప్రకటించాం. రేపటి ఆరాధన దాకా ఎవరో ఒకరు నెరవేర్చాలి కదా. ఇది నీకు కలిగిన దర్శనం. మా బలహీనతలన్నీ నువ్వే మొయ్యాలి."

"హల్లెలూయా!" అంది సంఘం, నిండు నోళ్లతో. కృపానందం విస్తరి చేతులు మారి అబ్రహాము ముందు ఆగింది.

రూతమ్మ మాత్రం తన విస్తరి తీసుకుని, అలలు తగిలేచోట సముద్రం వైపు తిరిగి కూర్చుంది. కృపానందం వెళ్లి పక్కన చతికిలబడ్డాడు. దానమ్మ రెండో చందువ తలకాయ పనిలో ఉంది. ఆరేళ్లలో మొదటిసారి వాళ్లిద్దరి మధ్య ఎవరూ లేరు.

"ఆకలేస్తోందా?" అంది రూతమ్మ, మెత్తగా.

"నిన్ను చూస్తుంటే ఆకలే తెలియడం లేదు."

"నన్నెక్కడ చూస్తున్నారు? ఇందాకట్నుంచీ నా విస్తరి చూస్తున్నారు." అని ఫక్కున నవ్వింది. ఆ నవ్వు విని అతనికీ నవ్వొచ్చింది. ఒక అల వచ్చి ఇద్దరి కాళ్లూ తడిపింది. ఆమె దొంగచాటుగా ఒక ముక్క తుంచి అతని వైపు చేయి చాచింది. అతను నోరు తెరిచాడు.

"కృపానందం, ప్రార్థనలో ఉన్నావా?" అని దిబ్బ మీంచి ఇశ్రాయేలుగారు కేకేశారు.

"ఉన్నానండీ!" అన్నాడతను. రూతమ్మ ఆ ముక్కను తన నోట్లో వేసుకుంది.

పొద్దు వాలుతుండగా లారీ కదిలింది. దానమ్మ మళ్లీ ఇద్దరి నడుమా సర్దుకుని, మేనల్లుడి భుజం మీద తల వాల్చి, తృప్తిగా త్రేన్చింది. "అరవై ఏళ్లొచ్చాయి గానీ, ఇంత రుచైన ఉపవాసం నేనెప్పుడూ చెయ్యలేదురా కృపా!"

కృపానందానికి ఆమేన్ అనే ఓపిక కూడా లేదు.