దుమ్ము పడని ముక్కు

ముక్కు అలర్జీ రోగం కాదు, వరం! నవ్వకండి. నలుగురు చేరిన చోట ఒక ముక్కైనా కారుతూనే ఉంటుంది. ఇంతమందికి ఊరికే దక్కిన వరం ఇంకొకటుంటే చూపించండి!

నా సంగతే తీసుకోండి. పెళ్ళయిన కొత్తలో ఓ ఆదివారం పూలకుండీలకి నీళ్ళు పోసి లోపలికి వచ్చానో లేదో, మా ఆవిడ చీపురందించి ఫ్యాను దులపమంది. పైకి చూశాను. అంతే, తెరిపి లేకుండా తుమ్ములు! ఆవిడ కంగారుపడి చీపురు లాక్కుంది. దుమ్ముకీ నాకూ పడదని ఆ రోజే ఇంట్లో తీర్మానమైపోయింది.

అప్పటినుంచి ఆవిడ బూజు దులుపుతుంటే నేను కాఫీ, పేపరు పట్టుకుని బాల్కనీలో పూలకుండీల మధ్య కూర్చునేవాణ్ణి. అక్కడా తుమ్ములే! చూశారా, గోడలు దాటొచ్చి మరీ వేధించే దుమ్ము అది. "పాపం, మీకెంత కష్టమండీ" అంటూ ఆవిడ తలకి గుడ్డ చుట్టుకుని అటక ఎక్కేది. ఆవిడా తుమ్మేదనుకోండి. అది వట్టి జలుబు. దానికి కూడా పేరెందుకు?

అసలు ఈ వరం ఇవ్వని వస్తువుందా? ఏసీ గాలి, తడిగోడ మీద బూజు, లిఫ్టులో పక్కవాడి సెంటు... ఆఫీసులో పాత ఫైళ్ళ గది పని నాకు చెప్పరు. బావమరిది ఇల్లు మారినప్పుడు అట్టపెట్టెలు మోయమనరు. అత్తగారింట్లో పిల్లి ఉంది కాబట్టి పూటకి మించి ఉండమనరు. ఇంత సుఖం ఏ పదవిలో ఉంది చెప్పండి?

కానీ తుమ్మితే ఊడే ముక్కు ఎన్నాళ్ళుంటుంది? పోయిన నెల మా పెద్దమ్మాయి నాకు టెస్టు చేయించాల్సిందేనని పట్టుబట్టింది. మంచిదే, డాక్టరే చెబితే ఇక జన్మలో బూజుకర్ర ముట్టనక్కర్లేదు! సాక్ష్యానికి ఉంటుందని మా ఆవిడని కూడా వెంటబెట్టుకెళ్ళాను. అక్కడే కొంప మునిగింది.

గదిలో కూర్చోగానే ఆవిడ వరసగా తుమ్మింది. డాక్టరమ్మ పనిలో పనిగా ఇద్దరి చేతుల మీదా చుక్కలు వేసి, సూదితో గుచ్చి, కాసేపు ఆగమంది. పడనిదాని దగ్గర దద్దురు లేస్తుందట.

దుమ్ము చుక్క దగ్గర నా చెయ్యి నున్నగా ఉంది. పూల పుప్పొడి దగ్గర మాత్రం ఎర్రగా ఉబ్బింది. ఆవిడ చేతి మీద దుమ్ము దగ్గర ఉసిరికాయంత దద్దురు!

నన్ను మొక్కల జోలికి పోకుండా ఇంట్లోనే ఉండమని చెప్పి, డాక్టరమ్మ ఆవిడ వైపు తిరిగింది.

"ఇన్నేళ్ళూ ఆ దుమ్ములో ఎలా నెగ్గుకొచ్చారమ్మా?"

ఆవిడ నా ముక్కు వైపు ఒకసారి చూసింది. "జలుబనుకున్నానండీ."

అందుకని పాఠకులారా, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ముక్కు అలర్జీ వరం కాదు, మహమ్మారి! ప్రభుత్వం వెంటనే మందు కనిపెట్టాలి, మొదటి మోతాదు మా ఆవిడకే ఇవ్వాలి! ఇదంతా స్టూలు మీద నిలబడి, చంకలో బూజుకర్ర ఇరికించుకుని రాస్తున్నాను. ఆవిడ బాల్కనీలో నా కుర్చీలో కూర్చుని నా పేపరు చదువుతోంది. ముక్కు చీదిన చప్పుడు కూడా లేదు.

"ఏమండీ, ఆ మూల వదిలేశారు."

కర్ర ఎత్తాను. నెత్తి మీద ఇంత దుమ్ము రాలింది. ఆశగా కళ్ళు మూసుకుని, ముక్కు నిండా పీల్చాను.

ఒక్క తుమ్మంటే ఒక్క తుమ్ము రాలేదు.